కింద చిక్కు, పైన కారణం

శ్రావణమాసంలోనూ పెళ్ళి ముహూర్తాల రోజుల్లోనూ బ్లౌజులు కుట్టేవాళ్ళ ఇంట్లో మిషను సరిగ్గా రాత్రిపూటే మొరాయిస్తుంది. తెల్లారితే బ్లౌజు కోసం మనిషి వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. మెకానిక్ ఫోనెత్తడు. బట్ట తిరగేసి చూస్తే అడుగున పిచ్చుక గూడంత దారం. చిక్కు కింద కనిపిస్తోంది కాబట్టి తప్పు బాబిన్‌దేనని చాలామంది కేసు బయటికి తీసి దాని స్క్రూ తిప్పేస్తారు. అన్నిటికన్నా చివర ముట్టుకోవాల్సింది ఆ స్క్రూనే.

సూది బట్టలోకి దిగి కాస్త పైకి లేవగానే దాని వెనకవైపు పైదారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. షటిల్ మొన ఆ ఉచ్చును పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పి వదిలేస్తుంది. మిగిలిన దారాన్ని పైకి లాగి కుట్టు బిగించాల్సింది మిషను ముందు పైకీ కిందికీ ఆడే మీట. మొన దగ్గర కన్నమున్న సూది, అడుగున రెండో దారం మోసే షటిల్ పెట్టి ఎలియాస్ హౌ 1846లో పేటెంటు తీసుకున్నాడు. అప్పటినుంచి ఈ కుట్టు సూత్రం మారలేదు. పైదారం టెన్షన్ బిళ్ళల మధ్యలోకి దిగకపోతే దానికి బిగువుండదు. మీట ఎంత లాగినా రీలు నుంచి కొత్త దారం వచ్చేస్తుంది తప్ప కింద వదులైన దారం పైకి పోదు. అదే అడుగున గూడు కడుతుంది. కాబట్టి కింద ఉచ్చులు పడితే పైదారాన్ని అనుమానించండి. ఉచ్చులు బట్ట పైన పడితే అప్పుడు బాబిన్ వైపు చూడండి.

ముందు పైదారం మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించండి. ఫుట్ పైకి లేపే ఎక్కించాలి. ఫుట్ లేపినప్పుడు బిళ్ళలు విచ్చుకుంటాయి, దించితే మూసుకుంటాయి. ఫుట్ దించి ఎక్కిస్తే దారం బిళ్ళల అంచు మీదే ఉండిపోతుంది, కంటికి మాత్రం అంతా సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది. ఎక్కించాక ఫుట్ లేపి దారం లాగండి, సులువుగా రావాలి. ఫుట్ దించి లాగండి, పట్టి ఉండాలి. రెండుసార్లూ ఒకేలా వస్తే దారం బిళ్ళల మధ్య లేదన్నమాట. కొత్త కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ వెనక్కి లాగి, మొదటి రెండు మూడు కుట్లు పడేదాకా వేలితో పట్టుకుని ఉండండి. మొదట్లోనే చిక్కుపడే మిషన్లలో చాలావాటికి ఇంతకు మించిన జబ్బుండదు.

బాబిన్ సంగతి. పాత దారం కొంచెం మిగిలి ఉంటే దాని మీదే కొత్తరంగు చుట్టే అలవాటు చాలామందికి ఉంది. లోపలి దారం జారి పైచుట్లు వదులవుతాయి, మధ్యలో కుట్టు ఒక్కసారిగా లూజవుతుంది. ఖాళీ బాబిన్ మీదే చుట్టండి, అంచు పొర్లేదాకా నింపకండి. చుట్టినది ఒకవైపు లావు, ఒకవైపు సన్నం అయితే దారం చుట్టే దగ్గరున్న చిన్న టెన్షన్‌లోంచి పోలేదని అర్థం. చుట్టే చక్రానికుండే రబ్బరు రింగు అరిగితే చుట్టడం ఆగి ఆగి నడుస్తుంది. అది తక్కువ ఖరీదు సామాను, ఒకటి అదనంగా కొని పెట్టుకోండి.

కేసులో బాబిన్ పెట్టాక దారం గాడిలోంచి వెనక్కి మళ్ళి, ఆ పల్చటి స్ప్రింగు రేకు కిందికి దూరాలి. ఇప్పుడు దారం కొస పట్టుకుని కేసును గాలిలో వేలాడదీయండి. ఊరికే వేలాడుతూ ఉండాలి, తనంతట తాను జారిపోకూడదు. చేతిని ఒక్కసారి చిన్నగా ఎగరేస్తే కేసు ఒకటి రెండు అంగుళాలు దిగి ఆగాలి. ఆగకుండా నేలదాకా పోతే వదులు, ఎగరేసినా కదలకపోతే బిగువు. వదులనిపించినా వెంటనే స్క్రూ దగ్గరికి పోవద్దు. రేకు కింద దారప్పోగు ఇరుక్కుందేమో చూడండి. కంటికి కూడా ఆనని చిన్న పోగు చాలు, రేకును పైకెత్తి బిగువంతా పోగొడుతుంది. గట్టి కాగితం అంచును రేకు కింద దూర్చి లాగితే వచ్చేస్తుంది. గుండుసూదితో కెలికితే గీత పడి ఆ గీతలోనే దారం తెగుతుంది. అంతా శుభ్రంగా ఉండీ ఇంకా వదులే అయితే అప్పుడు స్క్రూ. గడియారం ముల్లు అయిదు నిమిషాలు జరిగినంత తిప్పండి, మళ్ళీ వేలాడదీసి చూడండి. తిప్పేముందు స్క్రూ గాడి ఎటు ఉందో కలంతో గుర్తుపెట్టుకుంటే చెడినా వెనక్కి రావచ్చు.

పైన ఒక రంగు, కింద ఇంకో రంగు దారం పెట్టి పీలిక మీద కుట్టి చూడటం అన్నిటికన్నా తేలికైన పరీక్ష. ముడి బట్ట మందంలో దాగి ఉండాలి. పైరంగు అడుగున చుక్కలుగా కనబడితే పైదారానికి బిగువు చాలలేదు. అడుగురంగు పైన కనబడితే పైదారం మరీ బిగుసుకుంది, లేదా బాబిన్ వదులుగా ఉంది.

కుట్టు వదిలేస్తూ పోతుంటే, అంటే రెండు కుట్లు పడి మూడోది దాటేస్తుంటే, సూదిని మార్చండి. వంగిన సూదిని కంటితో పట్టుకోవడం కష్టం, అద్దం మీద పెట్టి దొర్లిస్తే తెలిసిపోతుంది. సూది వెంట్రుకవాసి పక్కకి జరిగినా దారపు ఉచ్చు షటిల్ మొనకి అందదు. ఎనిమిది పది గంటల కుట్టుకి ఒక సూది అని సాధారణంగా చెబుతారు. మామూలు బట్ట కుట్టేటప్పుడు అంత పట్టింపు అక్కర్లేదనుకోండి, జరీ ఉన్న పట్టు మీద మాత్రం పాత సూదితో కూర్చోవద్దు. జరీ మొనను మొద్దు చేస్తుంది, మొద్దు మొన పట్టుపోగును తెంపుతుంది. ఆ చీర ఖరీదు ముందు సూది ఖరీదెంత?

సూది నంబర్లు రెండింటిలో పెద్దది దాని లావు. 90 అంటే 0.9 మిల్లీమీటర్లు, 75 అంటే 0.75. జార్జెట్, షిఫాన్‌కి 11 (75), మామూలు బ్లౌజు, లైనింగుకి 14 (90), మందపాటి బట్టకి 16 (100). సన్న సూదిలో లావు దారం పెడితే గాడిలో ఇమడక రాపిడికి పీచులేచి తెగుతుంది. సూదికి ఒకవైపు పొడవాటి గాడి ఉంటుంది, దారం కన్నంలోకి ఆ వైపు నుంచే పోవాలి. ఇంటి మిషను సూదికి పైభాగంలో ఒక పక్క చదునుగా ఉంటుంది కాబట్టి తిరగబడి కూర్చోవడం అరుదు. పవర్ మిషను సూది గుండ్రంగా ఉంటుంది, ఎటైనా దూరుతుంది. అక్కడే తప్పు జరుగుతుంది. సాధారణంగా దాని గాడి మీ ఎడమవైపు ఉండాలి. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలు కూడా ఉన్నారు, పరికరాలకు 15,000 రూపాయల దాకా సాయం ఉంది. ఆ సాయంతో పాత నల్ల మిషను వదిలి పవర్ మిషనుకు మారేవాళ్ళు పాత సూదులూ బాబిన్లూ వెంట తెచ్చుకోకూడదు. ఇంటి మిషనుది హెచ్‌ఏ×1, పవర్ మిషనుది సాధారణంగా డీబీ×1. బాబిన్లు పైనుంచి చూస్తే ఒకేలా ఉంటాయి, పక్కపక్కన నిలబెడితే ఎత్తులో తేడా బయటపడుతుంది.

సూది, దారం, బాబిన్ అన్నీ సరిగ్గా ఉన్నా దారం ఒకేచోట తెగుతుంటే కొంచెం దూదిని ప్లేటు కన్నం అంచు చుట్టూ తిప్పండి. పీచు పట్టుకున్న చోట గరుకుంది. చమ్కీ మీద తగిలి సూది విరిగిన మిషన్లలో ఇది మామూలే. సన్నటి ఎమెరీ కాగితంతో నెమ్మదిగా రుద్దితే పోతుంది. షిఫాన్ ముడతలు పడుతుంటే టెన్షన్ తగ్గించి, అడుగున తెల్ల కాగితం పెట్టి కుట్టి తర్వాత చింపేయండి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది.

చక్రం తిరుగుతూ సూది ఆడకపోతే కంగారుపడకండి. బాబిన్ చుట్టడానికి వదులు చేసిన చక్రం మధ్యలోని గుండ్రటి నాబ్ బిగించడం మర్చిపోయారు. బట్ట కదలకపోతే కుట్టు పొడవు మీట సున్నా దగ్గరుందేమో, పళ్ళ సందుల్లో పొట్టు గట్టిపడిందేమో చూడండి. లైనింగు బట్టల పొట్టు నూనెతో కలిసి తివాచీలా అతుక్కుపోతుంది, బ్రష్‌తో రాదు, సూదిమొనతో పొర పొరగా లేపాలి.

నూనె మాటకొస్తే, మిషను నూనె తప్ప ఇంకేదీ వద్దు. కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుంది, ఆముదం జిగురవుతుంది. నూనె వేశాక పీలిక మీద కాసేపు కుట్టి ఆ తర్వాతే కస్టమర్ బట్ట తీయండి. మోటారున్న మిషనుకైతే ఏ పని చేసినా ముందు ప్లగ్గు పీకండి.

ఇవన్నీ చూసినా కుట్టు పడకపోతే, సూది దిగి పైకి లేచే సమయానికి షటిల్ మొన అక్కడికి రావడం లేదన్నమాట. సూది పట్టిన కడ్డీ జారి ఉండవచ్చు. అది మెకానిక్ పని, దాని జోలికి పోవద్దు. ఆయన వచ్చేదాకా తప్పుగా కుట్టు పడిన ఆ పీలిక తీసి పారేయకండి. అదే దారం, అదే సూది మిషనులో ఉంచి, పీలిక పక్కన పెట్టండి. మీరు చెప్పేదానికన్నా ఆయన దాన్నుంచే ఎక్కువ తెలుసుకుంటాడు.