స్పానిష్ కోసం సముద్రం దాటే ముందు



మన జిల్లాల్లో చదువు సాయం అంటే ఫీజులు, పుస్తకాలు, హాస్టలు ఖర్చు అనే ఇంతకాలం అనుకున్నాం. రేపు ఒక డిగ్రీ విద్యార్థి వచ్చి, "ఒక సెమిస్టరు స్పెయిన్‌లో చదివి వస్తాను, నా స్పానిష్ బాగుపడుతుంది, సాయం చేయండి" అని అడిగితే ఏం చెప్పాలి? వితంతువుల పింఛనుకే చాలీచాలని నిధిలోంచి ఇంత దూరపు చదువుకు సొమ్ము తీయవచ్చా? ముందు విషయం తెలుసుకుందాం.

ఆ భాష మనకెందుకు?

స్పానిష్ ఇరవై దేశాల్లో అధికార భాష, దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష. ఐక్యరాజ్యసమితి ఆరు అధికార భాషల్లో అరబ్బీతో పాటు అదీ ఒకటి. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో మందుల కర్మాగారాలు ఉన్నాయి. మన దేశపు మందులు లాటిన్ అమెరికాకూ వెళ్తాయి. అక్కడ బ్రెజిల్ తప్పిస్తే పెద్ద దేశాలన్నిటా అనుమతి పత్రాలు నడిచేది స్పానిష్‌లోనే. మన చెరువుల్లోని వనామి రొయ్యకు పుట్టిల్లు కూడా ఆ తీరమే. రొయ్యల ఎగుమతిలో మనకు గట్టి పోటీ ఇచ్చే ఈక్వెడార్‌ది అదే భాష.

మన పిల్లలకు ఉన్న సౌలభ్యం

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, మదరసాలో అరబ్బీ, బడిలో ఇంగ్లీషు. నాలుగు భాషల మధ్య పెరిగే పిల్లలకు ఐదోది కొండ కాదు. స్పానిష్ అచ్చులు మన అ, ఎ, ఇ, ఒ, ఉ. త, ద అక్షరాలు తెలుగులో పలికినట్టే పలుకుతాయి. ఇంగ్లీషు ‘జె’ అక్షరం అక్కడ ఉర్దూ ‘ఖే’ లాగా గొంతులోంచి వస్తుంది. ‘అబ్లో’ అంటే మాట్లాడతాను, ‘అబ్లాస్’ అంటే మాట్లాడతావు. తెలుగులో లాగే నేను, నువ్వు అని విడిగా చెప్పనక్కరలేదు. నువ్వు, మీరు అనే తేడా ‘తూ’, ‘ఉస్తెద్’ మాటల్లో ఉంది. కితాబ్‌కు కూడా ఆడ, మగ తేడా చూసే ఉర్దూ పిల్లలకు అక్కడి లింగభేదం వింతగా తోచదు.

711లో ముస్లిములు స్పెయిన్‌లో అడుగుపెట్టారు. 1492లో గ్రానడా రాజ్యం ముగిసింది. ఆ దాదాపు ఎనిమిది శతాబ్దాల సహవాసంలో అరబ్బీ మాటలు వేల సంఖ్యలో స్పానిష్‌లో చేరాయి. మన నారింజ అక్కడ ‘నరాంఖ’, చక్కెర ‘అసూకర్’, చదరంగం ‘అఖెద్రేస్’. మన దివాణం అరబ్బీ దారిన అక్కడికి చేరి సుంకాల కచేరీ అనే అర్థంలో ‘అదువానా’ అయింది. ‘అల్లాహ్ తలిస్తే’ అనే అరబ్బీ మాట ‘ఒఖలా’ అయి, ఈనాటికీ ప్రతి స్పానిష్ నోటా వినిపిస్తుంది.

గిడుగు వారి పద్ధతి

మరి ఇంట్లోనే నేర్చుకుంటే చాలదా? దీనికి మన గడ్డ మీదే జవాబు ఉంది. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. ముందు తెలుగు తెలిసిన సవరను ఇంట్లో ఉంచుకుని నేర్చుకున్నారు. తర్వాత కొండల్లోని సవర ఊళ్లు తిరిగారు. అక్కడ మలేరియా సోకింది, క్వినైన్ వాడకంతో వినికిడి పోయింది. అయినా పట్టు వదలక 1931లో సవర వ్యాకరణం, ఆ తరువాత నిఘంటువు తెచ్చారు. ఇందులోని క్రమం గమనించండి. ఇంటి దగ్గర పునాది, ఆ పైన ఆ భాషవారి మధ్య నివాసం. రెండోది లేకపోతే భాష పుస్తకంలోనే ఉండిపోతుంది. మొదటిది లేకుండా వెళితే ఖర్చంతా అక్షరాలు దిద్దడానికే సరిపోతుంది.

పునాదికి మనకు దారులున్నాయి. హైదరాబాద్‌లోని ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ విశ్వవిద్యాలయం స్పానిష్ బోధిస్తుంది. స్పెయిన్ ప్రభుత్వం 1991లో నెలకొల్పిన సెర్వాంతెస్ సంస్థకు ఢిల్లీలో శాఖ ఉంది. ఆ సంస్థ నిర్వహించే ‘దెలె’ పరీక్షకు ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లు. ఆ పట్టాకు కాలపరిమితి లేదు.

మార్పిడి చదువు అంటే

రెండు విశ్వవిద్యాలయాలు ఒప్పందం చేసుకుని విద్యార్థులను ఇచ్చిపుచ్చుకోవడమే ఇది. సాధారణంగా ఫీజు సొంత విశ్వవిద్యాలయంలోనే కడతారు. అక్కడ చదివిన చదువు ఇక్కడి డిగ్రీలో కలుస్తుంది. ఐరోపా సమాఖ్య వారి ఎరాస్మస్ ప్లస్ పథకం కింద మన దేశపు విద్యాసంస్థలు కూడా ఇలాంటి ఒప్పందాలు చేసుకోవచ్చు. ప్రయాణం, వీసా, ఆరోగ్య బీమా, వసతి, తిండి ఖర్చులకు మాత్రం విద్యార్థి ఏర్పాటు చేసుకోవాలి. దాత చేయి అవసరమయ్యేది ఇక్కడే.

ఊరి ఎంపిక కూడా ముఖ్యం. బార్సిలోనాలో కతలాన్ భాష కూడా నడుస్తుంది. గ్రానడా వైపు మాట చివరి ‘స్’ మింగేస్తారు, కొత్తవారికి కొంత కష్టం. 1218 నాటి విశ్వవిద్యాలయం ఉన్న సలమాంక వంటి ఊళ్లలో మాట స్పష్టంగా వినిపిస్తుంది.

దాతలు అడగవలసినవి

1. విద్యార్థి కనీసం ఎ2 మెట్టు దాటాడా? దాటకపోతే ముందు ఇక్కడి శిక్షణకు సాయం చేద్దాం.

2. అక్కడి మార్కులు ఇక్కడ చెల్లుతాయని కాలేజీ రాతపూర్వకంగా చెప్పిందా?

3. బస ఎవరితో? మనవాళ్లతో గది పంచుకుంటే సాయంత్రమంతా తెలుగే. స్పానిష్ కుటుంబంతో ఉంటే వంటగది కూడా తరగతి గదే. ఆడపిల్ల అయితే ఆ కుటుంబంతో తల్లిదండ్రులు ముందే వీడియోలో మాట్లాడాలి.

4. తిండి సంగతి ముందే చెప్పారా? అక్కడ పంది మాంసం వాడకం ఎక్కువ. "నో కోమో సెర్దో", అంటే పంది మాంసం తినను, అన్నది బయలుదేరక ముందే నోటికి రావాలి.

5. తిరిగి వచ్చాక కొన్ని నెలలు మన పిల్లలకు వారాంతపు పాఠాలు చెప్పడానికి ఒప్పుకున్నారా?

ఇక సొమ్ము సంగతి. జకాత్ ఇందుకు వాడవచ్చా లేదా అన్నది ఉలమాను అడిగి తేల్చుకోవాలి. వితంతువుల, అనాథల పద్దు ముట్టకుండా దీనికి వేరే ఖాతా తెరవడం మంచిది. పైన చెప్పిన ఐదు ప్రశ్నలకూ జవాబు ఉన్న విద్యార్థికి ఇచ్చిన రూపాయి ఒక్కరి ప్రయాణంతో ఆగదు. తిరిగి వచ్చిన ఆ విద్యార్థి ముందు కూర్చుని పాఠం వినే పిల్లలందరికీ అది చేరుతుంది, ఇన్షా అల్లాహ్.