రసాయన కర్మాగారములలో అపాయ విచారణ

మా పాఠశాలలో రసాయనశాస్త్రము చదువు బాలబాలికలు పరీక్షనాళికలో ఒక చుక్క చేయు పనిని చక్కగా వర్ణింపగలరు. అదే పదార్థము వందల టన్నుల కొలది ఒక ట్యాంకులో నిలిచియున్నప్పుడు ఏమి చేయునో ఆలోచించుట వేఱొక విద్య. కర్మాగారములలో పనిచేయు తండ్రులును, వాని చెంత నివసించు తల్లులును ఈ విద్యను కొంతయైన నెఱుగుట మేలని తలచి, దాని మూలసూత్రములను ఇచట వివరింపబూనితిమి.

ముందుగా రెండు మాటల భేదమును గ్రహింపవలెను. పిట్టగోడ లేని నూయి ఒక అపాయము. అందెవరైన పడు సంభవము వేఱు సంగతి. ఆ నూయి దూరపు పొలములో నున్న సంభవము కొద్ది. బడికి పోవు దారిలో నున్న అధికము. నూయి మాత్రము రెండుచోట్లను ఒక్కటియే. కావున అపాయమును కనుగొనుట మొదటి పని. అది ఎంత తఱచుగా, ఎంత ఘోరముగా ఫలింపగలదో తూచుట రెండవ పని. మొదటిది చేయక రెండవదానికి దిగినవారు, తమకు కనబడని నూయి లేనే లేదని లెక్క వేయుదురు.

ఇందుకు మన ప్రాంతపు ఉదాహరణమునే తీసికొందము. 2020వ సంవత్సరము మే 7వ తేదీ తెల్లవారుజామున, విశాఖపట్టణము చెంత ఆర్.ఆర్. వెంకటాపురమందలి ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమున ఒక ట్యాంకునుండి స్టైరీన్ ఆవిరి వెలువడెను. నిద్రించుచున్న జనులపై ఆ ఆవిరి క్రమ్మెను. 12 మంది మరణించిరి; వందలమంది ఆస్పత్రుల పాలైరి.

స్టైరీన్ ప్లాస్టిక్కు చేయుటకు పనికివచ్చు ద్రవము. దాని అణువులు ఒకదానితో నొకటి గొలుసువలె కూడుకొనును. ఆ కూడికలో వేడి పుట్టును. వేడి హెచ్చినకొలది కూడిక వడియు హెచ్చును. తడిసిన వడ్లను కుప్ప పోసిన లోపల వేడెక్కునని మన రైతులెల్లరు నెఱుగుదురు. చాపమీద పలుచగా పఱచిన గుప్పెడు వడ్లు వేడెక్కవు. వేడి కుప్ప యంతటను పుట్టును, బయటికి పోవుట మాత్రము పైతలమునుండియే. కుప్ప పెరిగినకొలది లోని రాశి పెరుగునంతగా పైతలము పెరుగదు. పెద్ద ట్యాంకులోని స్టైరీను గతియు నిట్టిదే. అందుచేత దానిలో నిరోధక ద్రవ్యమును కలిపి, చల్లగా నుంచి, కదలించుచుండవలెను. దాని ఆవిరి గాలికంటె బరువైనది గనుక పైకి తేలిపోక నేలబారున వ్యాపించును. పదార్థమేది, ఎంత యున్నది, ఏ స్థితిలో నున్నది అను మూడు ప్రశ్నలకు ఉత్తరము దొరకినంతనే అపాయము సగము కనబడును.

తక్కిన సగమును కనుగొనుటకు ఒక క్రమము కావలెను. 1960ల దశాబ్దమున ఇంగ్లండునందలి ఐ.సి.ఐ. అను సంస్థ ఇంజనీర్లు అట్టి క్రమమొకటి కల్పించిరి. దానిని హాజాప్ అందురు. యంత్రమును రూపొందించినవారు, నడుపువారు, మరమ్మతు చేయువారు కలిసి కూర్చుండి, పటమును ముందుంచుకొని, ఒక్కొక్క గొట్టమును, ఒక్కొక్క పాత్రను విచారింతురు. 'లేదు', 'అధికము', 'తక్కువ', 'వెనుకకు', 'దీనితోపాటు మఱొకటి', 'దీనికి బదులు మఱొకటి' అను మాటలను వరుసగా ప్రతిదానికి అన్వయింతురు. ప్రతిసారియు, ఇట్లేల జరుగును? జరిగిన ఏమగును? జరుగుచున్నట్లు మన కెట్లు తెలియును? ఆపున దేది? అని యడుగుదురు.

పై ట్యాంకునకు 'వేడి అధికము' అను మాటను అన్వయించి చూడుడు. తెలియుట ఎట్లు? ఉష్ణమాపకమువలన. అది యెచట నున్నది? ట్యాంకు అడుగు భాగమున మాత్రమే వేడిని కొలుచుచుండిరని ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము తేల్చెను. చల్లని ద్రవము అడుగున నిలుచును. వేడిది పైకి చేరును. అడుగున కొలత భద్రముగా కనబడుచుండగా పైభాగము క్రాగుచుండవచ్చును. 'నిరోధకము తక్కువ', 'కదలిక లేదు' అను మాటలు కూడ ఇట్లే అడుగదగినవి.

తూచునప్పుడు ఫలము ఘోరమైనచో సంభవము కొద్దియని ఊరకుండరాదు. అడ్డులు ఒకటికి మించి యుండవలెను. అవి నిజముగా పనిచేయుచుండవలెను. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి భోపాలులో మిథైల్ ఐసోసయనేటు ట్యాంకులోనికి నీరు చొరబడినప్పుడు, చల్లార్చు యంత్రము నిలిపివేయబడి యుండెను. వాయువును కాల్చివేయు గోపురమునకు పోవు గొట్టము ఊడదీయబడి యుండెను. కాగితముమీద అడ్డులున్నవి, ఆ రాత్రి లేవు. వేల ప్రాణములు పోయినవి.

మార్పు కలిగినప్పుడెల్ల విచారణ మరల చేయవలెను. ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరో కర్మాగారమున ఒక పాత్ర పగిలినందున దానిని తొలగించి, ఇరుప్రక్కల పాత్రలను తాత్కాలిక గొట్టముతో కలిపిరి. ఆ గొట్టము బలమును సరిగా లెక్కింపలేదు. 1974 జూన్ 1న అది తెగి, వెలువడిన ఆవిరి ప్రేలి 28 మంది మరణించిరి. పని నిలుపుటయు మార్పే. 2020 మార్చినుండి దేశమంతయు మూతపడినప్పుడు విశాఖ కర్మాగారమున ఉత్పత్తి ఆగెను. స్టైరీన్ మాత్రము ట్యాంకులో వారముల తరబడి నిలిచియుండెను. మనుష్యులు సెలవు తీసికొనిరి, పదార్థము తీసికొనలేదు.

విచారణ ప్రహరీగోడతో ముగియరాదు. ఆ తెల్లవారుజామున ఊరిని మేల్కొలుప సైరను మ్రోగలేదు. గోడకు వెలుపలనున్న తల్లి, ఈ వాసన వచ్చిన నేను బిడ్డలతో ఏ దిక్కునకు పోవలెను అని యడిగినచో, దానికి ఉత్తరము ముందే సిద్ధముగా నుండవలెను. ఆ యుత్తరము లేని విచారణ అసంపూర్ణము. అవసరమునకు మించిన పదార్థమును నిలువ చేయకుండుట అన్నిటికంటె మంచి అడ్డు.

అభ్యాసము: మన వంటయింటి గ్యాసుసిలిండరు వాయువు కూడ గాలికంటె బరువైనదే. విద్యార్థులు తలిదండ్రులతో కూర్చుండి, సిలిండరునుండి పొయ్యివఱకు నున్న ప్రతి భాగమునకును పై మాటలను అన్వయించి, దొరకిన ఉత్తరములను వ్రాసి తేవలెను. తలుపు క్రింది సందు మూసియున్న ఏమగునో మఱువక ఆలోచింపుడు.