నిక్సీ గడియారం కొనేముందు, కొన్నాక

గాజు గొట్టాల్లో నారింజ రంగు అంకెలు వెలిగే పాతకాలపు గడియారాన్ని నిక్సీ క్లాక్ అంటారు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటేనో, విదేశాల్లో ఉన్న మనవాళ్లు తెచ్చిస్తేనో తప్ప అమలాపురంలోనో రాజోలులోనో కొట్టుకెళ్లి కొనుక్కునే వస్తువు కాదు. అందుకే పాడైతే బాగుచేసేవాళ్లూ దగ్గర్లో దొరకరు.

గొట్టంలో నియాన్ వాయువు ఉంటుంది. 0 నుంచి 9 దాకా సన్నటి లోహపు అంకెలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. కరెంటు అందిన అంకె చుట్టూ వెలుగు పట్టుకుంటుంది. ఎలక్ట్రీషియన్ జేబులోని టెస్టరులో ఎర్రగా మినుకుమనేదీ ఈ నియానే. అమెరికాలో బరోస్ కంపెనీ 1955లో ఈ నిక్సీ గొట్టాలను మార్కెట్‌లోకి తెచ్చింది. ఇప్పుడు దొరికేవాటిలో ఎక్కువ భాగం సోవియట్ కాలంలో తయారై మిగిలిపోయిన సరుకు.

అసలు సంగతి వోల్టేజి. అడాప్టరు మీద 12 వోల్టులనో 5 వోల్టులనో రాసి ఉంటుంది. సెల్ ఛార్జరులాంటిదే కదా అనిపిస్తుంది. కానీ లోపలి సర్క్యూటు దాన్ని సుమారు 170 వోల్టుల డీసీకి పెంచుతుంది. ప్లగ్ తీసేసినా కెపాసిటర్‌లో ఆ కరెంటు కాసేపు నిలిచే ఉంటుంది.

చేయవలసినవి

డబ్బంతా గొట్టాలకే పోయకండి. ఆరు గొట్టాలకు బదులు నాలుగున్నది తీసుకుంటే సెకన్లు కనిపించవు, అంతే. మిగిలిన డబ్బుతో పూర్తిగా మూసి ఉన్న పెట్టె, మంచి అడాప్టరు, సర్జ్ ప్రొటెక్టరు వస్తాయి. ఐఎన్-12 రకం గొట్టం తక్కువలో దొరుకుతుంది, సాకెట్‌లో గుచ్చేది కాబట్టి మార్చుకోవడమూ తేలిక. ఐఎన్-18 పెద్దది, చూడముచ్చటగా ఉంటుంది, ఖరీదూ అలాగే ఉంటుంది. చెక్ దేశంలో డాలిబోర్ ఫార్నీ కొత్తగా చేతితో చేస్తున్న గొట్టం ఒక్కొక్కటే వంద డాలర్లు దాటుతుంది. బయటి నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, ఐజీఎస్టీ, ఒక స్పేర్ గొట్టం ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

అసలుదో కాదో చూసుకోండి. అసలు గొట్టంలో అంకె మారినప్పుడల్లా వెలుగు కాస్త ముందుకో వెనక్కో జరుగుతుంది. ఎల్‌ఈడీతో చేసిన నకళ్లూ ఉన్నాయి. చిన్నపిల్లలున్న ఇంటికి నేనైతే వాటినే కొనమంటాను, వాటిలో 170 వోల్టులుండవు.

అమెరికా నుంచి వచ్చిన అడాప్టరు మీద 100-240 వోల్టులని ఉందో లేదో చదివాకే ప్లగ్ పెట్టండి. 110 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు కాలిపోతుంది.

పిడుగుల హెచ్చరిక ఫోనుకు రాగానే ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు.

రాత్రి పడుకునేటప్పుడు ఆర్పేస్తే గొట్టాలు ఎక్కువ కాలం మన్నుతాయి. అన్ని అంకెలనూ అప్పుడప్పుడు తిప్పి వెలిగించే ఏర్పాటు ఉన్నదే కొనండి. ఎప్పుడూ వెలగని అంకెల మీద మచ్చ కట్టి, తర్వాత అవి సగమే వెలుగుతాయి.

చేయకూడనివి

సర్క్యూటు బోర్డు బయటికి కనిపించే మోడల్ కోనసీమకు వద్దు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి, వానాకాలపు తేమ బోర్డు మీద పేరుకుంటే కరెంటు లీకవుతుంది. బల్లి దూరినా ప్రమాదమే.

తడిగుడ్డతో తుడవకండి. దేవుడి గదిలో దీపం పక్కన, వంటింట్లో ఆవిరి తగిలేచోట పెట్టకండి.

వెలుగుతున్న గొట్టాన్ని పీకకండి. సోల్డరింగ్ వచ్చు కదా అని మొదటి ప్రయత్నంగా, విడిభాగాలుగా వచ్చే నిక్సీ కిట్ మీద చేయి పెట్టకండి.

గొట్టం పగిలితే ముందు ప్లగ్ తీయండి, కిటికీలు తెరవండి, పిల్లల్ని దూరం పంపండి. కొన్నిటిలో కొద్దిగా పాదరసం ఉంటుంది. ముక్కలను చేత్తో ఎత్తకండి, చీపురుతో చిమ్మకండి. అట్టముక్కతో ఎత్తి, తడి కాగితంతో ఒత్తి తీయండి.

టైము గుర్తుంచుకోవడానికి లోపల బిళ్ల బ్యాటరీ ఉంటుంది. దాని మూత స్క్రూతో బిగించి లేకపోతే ఆ గడియారం కొనకండి. పిల్లలు ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోవచ్చు. మింగారన్న అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.