వదిలేసిన సూది మళ్లీ చేతికి



దీర్ఘకాలపు జబ్బు ఇంట్లోకి వస్తే మనం ముందుగా లెక్కవేసేది మందుల ఖర్చు, ఆసుపత్రి తిరుగుళ్లు, పోయిన బలం. ఎవరూ లెక్కవేయని నష్టం మరొకటి ఉంది. లేసు అల్లే తల్లి సూదిని ట్రంకు పెట్టెలో పెట్టేస్తుంది. గుడిలో పాటలకు హార్మోణియం వాయించే పెద్దాయన ఆ పెట్టె మీద గుడ్డ కప్పేస్తాడు. అడిగితే, "జబ్బు తగ్గాక చూద్దాంలే" అంటారు. షుగరు, ఉబ్బసం, కీళ్లవాతం వంటివి చాలామందిలో పూర్తిగా వదిలిపోయేవి కావు. అదుపులో పెట్టుకుని వాటితోనే బతకాలి. అటువంటప్పుడు "తగ్గాక" అనే రోజు ఎప్పుడు వస్తుంది?

ఈ వారం ఒక్క జబ్బునే తీసుకుందాం. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం ఇది. వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదల వేరు, ఇది వేరు. మనల్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే పొరపాటున కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. పురుషులకంటే స్త్రీలలో ఎక్కువ. చేతివేళ్ల కణుపులు, మణికట్లు వాస్తాయి. ఉదయం లేవగానే వేళ్లు బిగుసుకుపోయి, సడలడానికి గంటకు పైగా కూడా పడుతుంది. కొన్నాళ్లు నెమ్మదిస్తుంది, ఉన్నట్టుండి మళ్లీ విజృంభిస్తుంది.

మన నరసాపురం వైపు లేసు పని 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిందని మీలో చాలామందికి తెలుసు. సన్నని దారం, సన్నని కొక్కెం సూది. ఆ సూదిని రెండు వేళ్లతో గట్టిగా నొక్కిపట్టాలి. వాచిన వేళ్లకు అన్నిటికంటే కష్టమైన పని ఆ నొక్కుడే. కాబట్టి మొదట మార్చవలసింది మనిషిని కాదు, సూదిని. సూది పిడికి మెత్తని గుడ్డ చుట్టి లావు చేయండి. దారం కూడా కొంత ముతకది తీసుకోండి. మోచేతుల కింద దిండు పెట్టుకోండి. పెద్ద టేబులు గుడ్డ మొదలుపెట్టకుండా, తర్వాత కలిపి కుట్టుకునేలా చిన్న చిన్న పువ్వులు అల్లండి. ఒక్క పువ్వు పూర్తయినా ఒక పని పూర్తయినట్టే ఉంటుంది.

వేళ కూడా ముఖ్యమే. తెల్లవారుజామున వేళ్లు మాట వినవు. గోరువెచ్చని నీళ్లలో చేతులు కాసేపు ఉంచి, పదీ పదకొండు గంటలప్పుడు కూర్చోండి. మొదటి వారం పావుగంట చాలు. నొప్పి వచ్చాక ఆపడం కాదు, రాకముందే ఆపాలి. చేయి తిరిగిన వారికి ఇదే అన్నిటికంటే కష్టం, "ఈ ఒక్క వరుస అయిపోనీ" అనిపిస్తుంది. మరునాడు ఉదయం వేళ్లు ఎప్పటికంటే ఎక్కువ బిగుసుకున్నాయా? అయితే నిన్నటి కొలత ఎక్కువైందన్నమాట, తగ్గించండి. కీళ్లు ఎర్రగా, వేడిగా వాచిన రోజుల్లో సూది పక్కన పెట్టండి. అల్లడం కోసం అదనంగా నొప్పి మాత్ర మాత్రం వేసుకోవద్దు.

ఇంకో మాట. ఏజెంటుకు ఇన్ని రోజుల్లో ఇస్తానని ఒప్పుకున్న లేసు వేరు, మీ ఇష్టం కొద్దీ అల్లుకునేది వేరు. గడువు పెట్టుకున్న పని వాచిన చేతుల్ని కనికరించదు.

ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు రెన్వార్‌కు ఈ కీళ్లవాతమే సుమారు 50 ఏళ్ల వయసులో పట్టుకుంది. చివరి సంవత్సరాల్లో ఆయన చక్రాల కుర్చీలోనే ఉన్నాడు, వేళ్లు పూర్తిగా వంకరపోయాయి. కుంచెను చేతికి కట్టించుకునేవాడని చాలామంది రాస్తారు. నిజానికి అరచేతి చర్మం ఒరుసుకుపోకుండా గుడ్డ చుట్టి ఉండేది, ఇంట్లోవారు కుంచెను వేళ్ల మధ్య అమర్చేవారు. 1919లో కన్నుమూసేవరకు ఆయన బొమ్మలు వేస్తూనే ఉన్నాడు.

అదే దేశపు మతీస్‌కు 1941లో పేగు క్యాన్సరుకు పెద్ద ఆపరేషన్ జరిగింది. ఎక్కువసేపు నిలబడలేకపోయాడు. సహాయకులు కాగితాలకు రంగు వేసి ఇస్తే, కూర్చునే కత్తెరతో ఆకారాలు కత్తిరించి బొమ్మలు కూర్చాడు. వాన్స్ అనే ఊళ్లో డొమినికన్ సిస్టర్ల కోసం 1951లో పూర్తయిన జపమాల మాత ప్రార్థనాలయపు రంగు అద్దాలను ముందు అలా కాగితం కత్తిరించే రూపొందించాడు. వారిది వృత్తి, మనది ముచ్చట. అయినా చుట్టూ సాయం చేసే చేతులు వారికి ఎంత అవసరమయ్యాయో చూడండి.

అందుకే ఇంట్లోవారికి కొంచెం గట్టిగానే చెప్పాలి. "మీకెందుకత్తయ్యా ఈ శ్రమ, పడుకోండి" అనడం ప్రేమే. కాని రోజూ అదే మాట వింటే తాను ఇక ఎందుకూ పనికిరానేమో అని ఆమెకు అనిపిస్తుంది. పడుకోమనే బదులు ఆ సూదికి గుడ్డ చుట్టి ఇవ్వండి, దారపు చిక్కు విడదీసి పెట్టండి. హార్మోణియం తాతగారికి ఎడమచెయ్యి ఆడకపోతే, పక్కన కూర్చుని బెల్లోస్ నొక్కడానికి మనవడు చాలడా? తాతగారు కుడిచేత్తో మెట్లు పలికించుకుంటారు. ఆదివారం పాటకు కుదరకపోయినా, సాయంత్రం ఇంట్లో జపమాల తర్వాత ఒక్క పాట వాయించవచ్చు. ఆ పిల్లవాడికి నాలుగు స్వరాలు అబ్బినా అబ్బుతాయి.

మొక్కల సరదా ఉన్నవారికి ఒక జాగ్రత్త. ఈ జబ్బుకు ఇచ్చే మందుల్లో కొన్ని రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి, చిన్న గాయమైనా చీము పట్టవచ్చు. మట్టి పనికి చేతి తొడుగులు వేసుకోండి. కుండీలను నేలమీద కాకుండా నడుమెత్తు గట్టుమీద పెట్టించుకోండి, నీళ్లకు బక్కెట్టు మానేసి చిన్న చెంబు వాడండి.

ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు రిపోర్టుల సంచిలో ఆ లేసు సూదిని కూడా వేసుకెళ్లండి. "ఎలా ఉంది?" అని అడిగినప్పుడు "నొప్పి" అని ఒక్కమాట చెప్పి ఊరుకోకుండా, సూది పట్టుకుని చూపించి, ఏ కణుపు దగ్గర ఆగిపోతున్నదో చెప్పండి. అక్కడ ఫిజియోథెరపీ విభాగం ఉంటే వారికీ చూపించండి. పట్టు ఎలా మార్చుకోవాలో, మణికట్టుకు పట్టీ అవసరమో లేదో వారు చూసి చెప్పగలరు.