టార్చి తడిసింది, భయపడాలా?

సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: మావారు రాత్రిళ్లు రొయ్యల చెరువు కాపలాకి వెళ్తారు. మొన్న వానలో తడిసొచ్చాక టార్చి అద్దం లోపలివైపు మసకేసింది. లోపలికి నీళ్లు పోయినట్టేనా? షాక్ కొడుతుందేమోనని ఆయన చేతికివ్వాలంటేనే భయమేస్తోంది.
– ఒక గృహిణి, భీమవరం

జవాబు: షాక్ భయం పెట్టుకోకండమ్మా, చేతి టార్చిలో ఉండేది ఒంటికి తగిలేంత కరెంటు కాదు. ఆ మసక కూడా చాలాసార్లు బయటి నీరు కాదు. మూత బిగించినప్పుడు లోపల చిక్కుకున్న గాలిలో తేమ ఉంటుంది, వానకు అద్దం చల్లబడగానే అదే దానిమీద పేరుకుంటుంది. కాసేపు వెలిగించాక పోయి మళ్లీ రాకపోతే ఇక పట్టించుకోవద్దు. వంచితే బొట్లు జారుతున్నా, రోజూ మసక పడుతున్నా మాత్రం నీటికి ఎక్కడో దారి దొరికినట్టే. అప్పుడు సెల్లు తీసి, మూతలు విప్పి, సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో రాత్రంతా ఉంచి, మర్నాడు పొడిగా ఉన్న వేళ బిగించండి.

ప్రశ్న: రాత్రి కరెంటుకి మోటారు వేయాలంటే టార్చి తప్పదు. వెనక మూత తిప్పితే కిర్రుమంటోంది, మరలకు నల్లటి జిగట పట్టింది. పాడైపోతోందా? బండి గ్రీజు రాయమని పక్క పొలం ఆయన, వ్యాజిలిన్ అని మా తమ్ముడు, కొబ్బరినూనె చాలని మా అమ్మ. ఏది రాస్తే నీళ్లు పోవు?
– ఒక రైతు, జనగామ

జవాబు: ఆ నలుపు చూసి కంగారు పడకండి. అల్యూమినియం మరలు రాసుకుని రాలిన పొడి పాత గ్రీజులో కలిస్తే అలాగే ఉంటుంది, కొత్త టార్చికీ వస్తుంది. మెత్తటి బట్టతో తుడిచేయండి, కిర్రుమనడం కూడా చాలావరకు తగ్గుతుంది.

ఇక మీ ఇంటి పంచాయితీ. నిజానికి నీటిని ఆపేది గ్రీజు కాదు. మరల పక్కన గాడిలో సన్నటి రబ్బరు రింగు ఒకటి ఉంటుంది, దాన్ని ఓ-రింగు అంటారు. మూతకీ గొట్టానికీ మధ్య నలిగి సందు మూసేది అదే. అది మెలిపడకుండా, చిరగకుండా జారడానికే గ్రీజు. కాబట్టి మనం వెతకాల్సింది రబ్బరుకు హాని చేయని గ్రీజుని. నల్ల రింగుల్లో ఎక్కువభాగం నైట్రైల్ రబ్బరుతో చేసినవి, నూనెను తట్టుకుంటాయి. అదే నలుపులో ఈపీడీఎం రబ్బరువీ ఉంటాయి, వాటికి బండి గ్రీజో వ్యాజిలినో తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. కంటితో చూసి ఏది ఏదో చెప్పలేం. అందుకే రెండింటికీ సరిపడే సిలికాన్ గ్రీజు కొనుక్కోండి. కొబ్బరినూనె చలికాలం పేరుకుపోతుంది, పైగా పాతబడితే జిడ్డు కడుతుంది, దాన్ని అమ్మగారి తలకే ఉంచండి.

నల్లా సామాన్ల దుకాణంలో గానీ, వాటర్ ఫిల్టర్లు బాగుచేసేవాళ్ల దగ్గర గానీ అడగండి. 'సిలికాన్' అనగానే బాత్రూం సందుల్లో పూసే సీలెంటు ట్యూబు చేతిలో పెట్టేస్తారు, జాగ్రత్త. అది గట్టిపడే రకం, పూశారంటే మూత మళ్లీ ఊడిరాదు. రింగు మెరిసేంత రాస్తే చాలు, ముద్దలు పెడితే ఇసుకంతా దానికే అంటుకుంటుంది. గొట్టం అంచున రంగు లేకుండా మెరిసే లోహం మీద మాత్రం రాయకండి, కరెంటు నడిచే దారి అది. అక్కడ గ్రీజు పడితే లైటు మినుకుమినుకుమంటుంది. ఒక్క మినహాయింపు ఉంది: రింగు కూడా సిలికాన్ రబ్బరుదే అయితే ఈ గ్రీజుకే ఉబ్బుతుంది. కంపెనీ ఇచ్చిన కాగితంలో ఓసారి చూడండి.

ప్రశ్న: మూత తెరిచినప్పుడల్లా 'టప్' మంటోంది. లోపల గ్యాస్ పట్టి పేలుతుందా?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: గాలి లోపలికి పీల్చుకున్నట్టు 'టప్' మంటే సంతోషించాలమ్మా, రింగు గట్టిగా పనిచేస్తోందన్నమాట. వెలిగినప్పుడు వేడెక్కిన గాలి ఆరాక కుంచించుకుంటుంది, అంతే. వేడిగా ఉన్న టార్చిని చటుక్కున చన్నీళ్లలో ముంచకూడదనేది కూడా ఇందుకే, ఆ లాగుడికి నీళ్లు లోపలికి పోవచ్చు. గాలి బయటికి తోసుకొస్తూ, సెల్లుల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే మాత్రం అవి పాడైనట్టు. పాడైన ఆల్కలైన్ సెల్లు హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి మూతను మొహానికి దూరంగా పట్టుకుని, మెల్లగా విప్పి, సెల్లులన్నీ మార్చేయండి.

ప్రశ్న: పడవ మీంచి టార్చి సముద్రంలో పడితే వెంటనే తీశాం. వెలుగుతోంది. పెట్టె మీద ఐపీఎక్స్7 అని ఉంది. విప్పి చూడమంటారా?
– ఒక మత్స్యకారుడు, ఉప్పాడ

జవాబు: వెలుగుతోందంటే సగం దిగులు తీరినట్టే, కానీ ఇప్పుడే విప్పకండి. మరల సందులో ఉన్న ఉప్పునీటిని మీ చేత్తో మీరే లోపలికి పంపినట్టవుతుంది. ముందు మంచినీళ్లలో బాగా కడిగి, తుడిచి, ఆరాక మూతను కిందికి పట్టుకుని విప్పండి. ఐపీఎక్స్7 అంటే ఒక మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని; అలల తాకిడికి, ఉప్పుకి అది హామీ కాదు.

ప్రశ్న: మా బాబు ఛార్జింగ్ టార్చిని బకెట్లో పడేశాడు. తుడిచి ఛార్జింగ్ పెడితే వేడెక్కింది, భయపడి తీసేశాను. ఇంట్లో ఉంచొచ్చా?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: ప్లగ్గు తీసేసి సరైన పనే చేశారు. అయితే ఈ ఉత్తరాలన్నిటిలో నేను నిజంగా జాగ్రత్త చెప్పాల్సింది మీకే: తడిసిన లిథియం సెల్లును మళ్లీ ఛార్జింగ్ పెట్టకండి, ఆరినట్టు కనిపించినా సరే. ఇంకా వేడిగా ఉన్నా, ఉబ్బినా, బుస్సుమన్నా, ఘాటు వాసన వస్తున్నా విప్పే ప్రయత్నం చేయొద్దు, పిల్లల్ని దూరంగా పంపండి. అప్పటికి తాకగలిగేలా ఉంటే ఆరుబయట మట్టి నేల మీద, కాలే వస్తువులేవీ దగ్గర లేనిచోట పెట్టండి. పొగ వస్తుంటే ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి. చల్లగా, మామూలుగా ఉంటే సెల్లు తీసి పక్కనపెట్టి, చెత్తబుట్టలో కాకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి. టార్చి ఆరాక కొత్త సెల్లుతో పనిచేయవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి మిన్నెసోటాలో ఉంటాడు, అక్కడ మైనస్ 20. చలికి ఓ-రింగు గట్టిపడే చాలెంజర్ అంతరిక్ష నౌక కూలిపోయిందట కదా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: మీరు విన్నది నిజమే మాస్టారూ. 1986 జనవరి 28 నాటి ప్రమాదంలో చలికి బిగుసుకున్న రింగు వేడి వాయువుల్ని ఆపలేకపోయింది. రబ్బరు ఎలా మొద్దుబారుతుందో ఆ ప్రమాద విచారణలో శాస్త్రవేత్త ఫైన్‌మన్ ఐసునీళ్ల గ్లాసులో ముంచి చూపించారు. కానీ అక్కడ రాకెట్ మంట ఒత్తిడి, ఇక్కడ టార్చి మీద రాలే మంచు. మీ అబ్బాయికి ఒక్క మాట చెప్పండి: చలిలోంచి ఇంట్లోకి రాగానే విప్పకుండా, గది వేడికి వచ్చేదాకా ఆగమని. లేకపోతే వెచ్చటి గాలి చల్లటి లోహం మీద చెమర్చి లోపలంతా తడి చేస్తుంది.

ప్రశ్న: వానలు మొదలయ్యేలోపు మా టార్చి నీళ్లు ఆపుతుందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తప్పకుండా, పాడవుతుందన్న భయం లేకుండా. సెల్లు తీసేసి, లోపల టిష్యూ కాగితం చుట్టి పెట్టి, మూత బిగించి, బకెట్ నీళ్లలో అరగంట ఉంచండి. పైన బాగా తుడిచి తెరవండి. కాగితం అద్దం వైపు తడిస్తే ముందు రింగు చూడాలి. మూత దగ్గర తడిస్తే వెనక రింగు మీద వెంట్రుకో, ఇసుక రేణువో, పగులో ఉందేమో వెతకండి. పిన్నుతో లాగకుండా రెండు వేళ్లతో నొక్కి తీయండి, పాతదే పట్టుకెళ్లి అదే కొలతది తెచ్చుకోండి. రింగు శుభ్రంగా ఉండి కూడా ఆ వైపే తడుస్తుంటే స్విచ్ మీది రబ్బరు టోపీని వేలితో వంచి చూడండి, నొక్కీ నొక్కీ సన్నగా చిట్లి ఉంటుంది. గ్రీజుతో అది బాగుపడదు, మార్చాల్సిందే.