తిరుపతి దాకా పోయి రావడానికి ఎంత?

సెలవులొస్తే చిత్తూరు వైపు పిల్లలది ఒకటే పాట: తిరుపతి జూ చూడాలి, సైన్సు సెంటరు చూడాలి. కూలి మీద బ్రతికే ఇంట్లో పెద్దలకు వెంటనే గుర్తొచ్చేది దారి ఖర్చు. కాస్త లెక్క వేసి చూద్దాం.

2025 ఆగస్టు 15 నుండి స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్ర స్త్రీలకు, ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఆధార్ వంటి కార్డు చూపి సున్నా టికెట్టు తీసుకోవాలి. పన్నెండేళ్ళ లోపు అబ్బాయికి అర టికెట్టు. అమ్మ, అవ్వ, కూతురు, కొడుకు, నాయన బయలుదేరితే ఐదుగురికీ కలిపి ఒకటిన్నర టికెట్టే! అయితే ముందు కదులుతోందని నాన్‌స్టాప్ ఎక్కారో, అందరికీ డబ్బు కట్టాలి. దానికి ఈ పథకం లేదు. ఓ అరగంట ఆగితే నష్టమేమీ లేదు.

మగవారు ఎక్కువున్న ఇంటికి రైలే మేలు. కాట్పాడి-తిరుపతి పాసింజరు చిత్తూరు, పాకాల, చంద్రగిరి మీదుగా పోతుంది. కోవిడ్ రోజుల్లో 30 రూపాయలైన కనీస చార్జీ 2024లో మళ్ళీ 10కి దిగింది. వృద్ధుల రాయితీని మాత్రం 2020లోనే ఎత్తివేశారు.

అసలు డబ్బు కరిగేది తిరుపతిలో దిగాక, ఆటోల దగ్గర. అన్నీ ఒక్కరోజే చూడాలని ఊరంతా తిరిగితే బస్సులో మిగిలింది ఆటోకే చాలదు. జూ, సైన్సు సెంటరు రెండూ అలిపిరి వైపే గనుక వాటికి ఒక రోజు చాలు. చంద్రగిరి కోట దారిలోనే ఉంది, మరోసారి దిగండి. శుక్రవారం మాత్రం వద్దు, ఆ రోజు కోటలోని మ్యూజియానికి సెలవు.