నీటిని మెత్తబరచు యంత్రము: కొనుటకు ముందు తెలిసికొనవలసినవి



“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పుదురు. ఈ కాలమున ఇల్లు కట్టువానికి బోరు వేయించుట యొక పరీక్ష. నీరు పడిన పిదప ఆ నీటి గుణమును తెలిసికొనుట రెండవ పరీక్ష. గత వేసవిలో ఉద్దనపల్లికి సమీపమున క్రొత్త ఇల్లు కట్టుకొనిన ఒక విద్యార్థి తండ్రి నా యొద్దకు వచ్చెను. ఆయన బోరునీటిలో ఉతికిన బట్టలు తెల్లబడవు. కుళాయిల చుట్టును తెల్లని పెచ్చులు కట్టుచున్నవి. తలంటుకొనిన వెండ్రుకలు జిగటగా నుండును. పట్టణము నుండి వచ్చిన ఒక వర్తకుడు, నీటిని మెత్తబరచు యంత్రమును బిగించినచో ఈ బాధలన్నియు తీరునని చెప్పి, వెల వ్రాసిన కాగితమును ఇచ్చి పోయెను.

ఆ తండ్రి కాగితమును నా ముందుంచి, “అయ్యవారూ, ఖర్చయితే అయింది. ఇది పెట్టిస్తే పెద్దవాడి పండ్ల మీది గార పోతుందని చెప్పినారు. చిన్నపాప మూడేండ్లది. దానికైనా ఆ గార రాకుండా ఉంటుంది గదా?” అని యడిగెను.

బట్టలను గూర్చిన ప్రశ్న వేరు. పండ్లను గూర్చిన ప్రశ్న వేరు. ఈ రెండింటిని ఒకటిగా కలిపినందువలననే ఆ గృహస్థు వేలకొలది రూపాయలు వ్యయము చేయ సిద్ధపడెను. ఇట్టి సంశయము మన ప్రాంతమున అనేక గృహములలో నుండుట చేత, ఆనాడు నేనాయనకు చెప్పిన సమాధానమును విస్తరించి ఈ పాఠముగా వ్రాయుచున్నాను.

1. మాటయు దాని యర్థమును

మన యిండ్లలో బోరునీటిని “ఉప్పునీళ్ళు” అందురు. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందిన ఆంధ్రప్రదేశమున పాఠ్యపుస్తకములలో దీనికి “కఠిన జలము” అని పేరు. తమిళ పుస్తకములలో “కడిన నీర్” అని యుండును. ఎల్లకు అవతల కన్నడిగులు “గడసు నీరు” అందురు. మన “గడుసు” అను మాటకు అది చుట్టమే. పేర్లు నాలుగైనను వస్తువు ఒక్కటే.

ఈ నాలుగింటిలో మన యింటి మాటయే కొంత పొరపాటు కలిగించును. కఠిన జలమునకు ముఖ్య కారణము మనము కూరలో వేయు ఉప్పు కాదు. నీటిలో కరగియున్న కాల్షియము, మెగ్నీషియము అను రెండు లోహముల లవణములే దానికి కారణము. సున్నమునందు గల లోహమే కాల్షియము. కావున “సున్నపు నీరు” అనినచో సత్యమునకు మరికొంత దగ్గరగా నుండును.

వర్షజలము స్వభావముచే మృదువైనది. అది నేలలోనికి ఇంకునపుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి కొంచెము ఆమ్లగుణము పొందును. ఆ గుణముచే రాతిలోని ఖనిజములను కొద్దికొద్దిగా కరగించుకొనును. మన కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతములు నల్లరాతి భూములు. ఇచ్చట లోతైన బోరులలోని నీరు రాతి పగుళ్ళలో దీర్ఘకాలము నిలిచి యుండును. ఎంతకాలము రాతితో సహవాసము చేసిన నీరు అంతగా రాతి గుణమును పుణికిపుచ్చుకొనును. ప్రక్కప్రక్కన నున్న రెండు బోరుల నీరు సైతము ఒక్క తీరుగ నుండకపోవుటకు ఇదియే హేతువు. పొరుగువారి నీటి పరీక్షను నమ్మి మన యింటికి యంత్రము కొనరాదు.

2. ఇంటియందే చేయదగిన పరీక్ష

విద్యార్థులారా, ఈ ప్రయోగమును మీరే చేయవచ్చును. ఒకే విధమైన రెండు గాజు సీసాలను తీసికొనుడు. ఒకదానిలో శుభ్రముగా పట్టిన వాననీటిని, రెండవదానిలో బోరునీటిని సగము వరకు పోయుడు. ఒంటి సబ్బు ముక్కను కొంచెము వాననీటిలో కరగించి, ఆ ద్రవమును బొట్టుబొట్టుగా సీసాలలో వేసి, మూత బిగించి కుదుపుడు. నురుగు నిలుచుటకు ఏ సీసాలో ఎన్ని బొట్లు పట్టెనో లెక్క వ్రాసికొనుడు. బట్టలుతుకు డిటర్జెంటు పొడి ఈ పరీక్షకు పనికిరాదు. అది కఠిన జలమునందును కొంతవరకు నురుగునిచ్చును.

వాననీటిలో కొద్ది బొట్లకే నురుగు నిలుచును. బోరునీటిలో మొదట నురుగు రాదు. తెల్లని తెట్టు తేలును. కాల్షియము సబ్బుతో కలిసి నీటిలో కరగని పదార్థమగుటచే ఆ తెట్టు ఏర్పడును. బట్టలను మాపునదియు, వెండ్రుకలకు అంటుకొనునదియు అదియే.

పిదప బోరునీటిని పదినిమిషములు మరగించి, చల్లార్చి, వడకట్టి, మరల పరీక్షింపుడు. బొట్ల సంఖ్య తగ్గినచో, తగ్గిన మేరకు ఆ కఠినత్వము తాత్కాలికము. అది బైకార్బనేటుల వలన కలిగినది. మరగించునపుడు అవి సున్నపు పెచ్చుగా మారి గిన్నె యడుగున దిగును. మరగించినను మిగిలినది శాశ్వత కఠినత్వము. అది క్లోరైడులు, సల్ఫేటుల వలన కలుగును. ఉతుకు నీటిలో కొంచెము బట్టల సోడా కలిపినచో ఇది కూడ తగ్గును. మన అవ్వలు రసాయన శాస్త్రము చదువకయే ఈ పని చేసిరి.

3. యంత్రము చేయు పని

నీటిని మెత్తబరచు విద్య క్రొత్తది కాదు. 1841లో స్కాట్లండు దేశీయుడగు థామస్ క్లార్కు అను రసాయన శాస్త్రజ్ఞుడు సున్నము కలిపి తాత్కాలిక కఠినత్వమును పోగొట్టు పద్ధతికి పేటెంటు పొందెను. 1935లో ఆంగ్ల శాస్త్రజ్ఞులగు ఆడమ్స్, హోమ్స్ అను వారు అయానులను మార్పిడి చేయు కృత్రిమ రెజినును కనుగొనిరి. నేటి గృహ యంత్రములలో నుండునది ఆ జాతి రెజినే.

యంత్రము లోపల ఆవగింజల కంటె చిన్నవైన రెజిను గుళికలు నిండియుండును. వాటికి సోడియము అంటియుండును. కఠిన జలము వాటి నడుమ ప్రవహించునపుడు గుళికలు కాల్షియమును, మెగ్నీషియమును పట్టుకొని, వాటికి మారుగా సోడియమును నీటిలోనికి విడుచును. సంతలో ఒక వస్తువు నిచ్చి మరియొకటి పుచ్చుకొనునట్లే ఇది మార్పిడి బేరము. కొన్ని దినములకు గుళికలలోని సోడియము తీరిపోవును. అపుడు చిక్కని ఉప్పునీటితో వాటిని కడుగవలెను. పట్టుకొనిన కాల్షియము ఆ కడుగునీటితో కాలువలోనికి పోవును. గుళికలు మరల పనికి సిద్ధమగును.

ఇది వంచన కాదు, నిజమైన పనియే. యంత్రము చక్కగా నడచిన యింట సబ్బు ఆదా యగును, కుళాయిలు పెచ్చుకట్టవు, నీళ్ళు కాచు గీజరు చాలకాలము నిలుచును. అయితే నీటిలో కరగిన పదార్థముల మొత్తము దాదాపు తగ్గదు. ఒకటి పోయి మరియొకటి చేరినది గదా! కావున వర్తకులు నీటిలో ముంచి అంకెలు చూపు చిన్న టీడీఎస్ మీటరు మనకు కఠినత్వమును చెప్పదు, ఫ్లోరైడును చెప్పదు.

4. ఉప్పు లెక్క

ఇపుడొక గణితము చేయుదము. ఒక కుటుంబము దినమునకు 500 లీటర్ల నీటిని వాడుననుకొందము. ఆ నీటి కఠినత్వము లీటరుకు 400 మిల్లీగ్రాములు అనుకొందము. అనగా దినమునకు 200 గ్రాములు, నెలకు 6 కిలోగ్రాముల కఠిన పదార్థమును యంత్రము తొలగింపవలెను. 100 భాగములకు 117 భాగముల ఉప్పు కావలెనని రసాయన సూత్రము. ఆ లెక్కన నెలకు 7 కిలోలు. వాడుకలో దానికి రెండింతలు గాని అంతకు మించి గాని పట్టును. రెండింతలే యనుకొన్నను నెలకు 14 కిలోలు, సంవత్సరమునకు 168 కిలోలు.

ఈ ఉప్పంతయు ఎచ్చటికి పోవును? పట్టణమున మురుగు కాలువలోనికి పోవును. మన పల్లెలలో పెరటిలోనికి, అచ్చట నుండి చేనిలోనికి పోవును. మన ప్రాంతపు సేద్యము టమోటా, గులాబీ, రాగి మొదలగు పైరులపై ఆధారపడినది. గులాబీ ఉప్పును ఓర్వజాలదు. సోడియము అధికమైన నేల అణగి గట్టిపడి నీటిని ఇంకనీయదు. ఇంటిలోని నీరు మెత్తబడి చేనిలోని నేల గట్టిపడుట ఏమి లాభము?

త్రాగుటయందును ఒక విషయము గమనింపవలెను. లీటరుకు 100 మిల్లీగ్రాముల కఠినత్వము తొలగినపుడు 46 మిల్లీగ్రాముల సోడియము చేరును. 400 తొలగినచో 184 చేరును. రక్తపుపోటు గలవారు, ఉప్పు తగ్గింపుమని వైద్యుడు చెప్పినవారు ఈ నీటిని త్రాగరాదు. కఠినత్వమునకు కారణమగు కాల్షియము, మెగ్నీషియము దేహమునకు కావలసినవే. కఠిన జలము రోగకారణమని రుజువు కాలేదు. అది ముఖ్యముగా మన సబ్బునకును, గీజరునకును శత్రువు.

5. యంత్రము చేయజాలని పని

ఇపుడు ఆ తండ్రి యడిగిన అసలు ప్రశ్నకు వత్తము. పండ్ల మీది గారకు కారణము కఠినత్వము కాదు, ఫ్లోరైడు. ఇదియు రాతి నుండియే నీటిలోనికి వచ్చును. రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. మెత్తబరచు యంత్రములోని రెజిను కాల్షియము వంటి ధనావేశము గల అయానులను మాత్రమే పట్టును. ఫ్లోరైడు ఋణావేశము గలది. అది గుళికల నడుమ నుండి చక్కగా దాటిపోవును. మరగించినను పోదు. నీరు ఆవిరియై తగ్గిన కొలది మరింత చిక్కనగును.

మృదువైన నీటిలో ఫ్లోరైడు ఉండదనుకొనుట కూడ పొరపాటు. కాల్షియము తక్కువగా, సోడియము ఎక్కువగా నుండు భూగర్భజలములోనే ఫ్లోరైడు అధికముగా కరగి నిలుచుట తరచు కనబడును.

ఈ బాధ తెలుగువారికి చిరపరిచితము. 1937లో, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా ప్రజలలో ఎముకలను వంచు ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు వర్ణించి ప్రకటించిరి. పిదప నల్లగొండ జిల్లా పేరు ఈ వ్యాధితోనే దేశమంతట వినబడెను. పటిక, సున్నములతో ఫ్లోరైడును తొలగించు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వారు రూపొందింపగా, దానికి “నల్లగొండ పద్ధతి” యని పేరు వచ్చెను. మన ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు కావేరి నీటిని తెచ్చుటకై 2013లో ప్రారంభమైన హొగేనకల్ పథకము పేరులోనే ఫ్లోరోసిస్ నివారణమను మాట కలదు. ప్రభుత్వమే పథకము పేరున వ్రాసిన బాధను మనము గార యని తోముకొని ఊరకుండరాదు.

శాశ్వత దంతముల పింగాణి పొర చిగుళ్ళ లోపల ముఖ్యముగా ఎనిమిదేండ్ల లోపల ఏర్పడును. ఆ వయస్సులో త్రాగిన నీటి గుణము పండ్లపై నిలిచిపోవును. పిదప నీరు మార్చినను ఆ మరక పోదు. కావున పెద్ద కుమారుని విషయమున యంత్రము వ్యర్థము. మూడేండ్ల పాప విషయమున యంత్రము వ్యర్థమగుటయే కాదు, అపాయకరము. దానిని నమ్మి తల్లిదండ్రులు నిశ్చింతగా ఫ్లోరైడు నీటినే పోయుచుందురు గదా!

6. నిర్ణయించు క్రమము

మొదట నీటిని పరీక్ష చేయింపవలెను. తమిళనాడు కుడినీర్ వడికాల్ వారియమునకు జిల్లాలలో పరీక్షాశాలలు కలవు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో నీరు పట్టి యీయవలెను. ఫలిత పత్రము తమిళమున నున్నచో భయపడవలదు. “మొత్త కడినత్తన్మై” యనగా మొత్తము కఠినత్వము. ఫ్లోరైడు పేరు ఏ భాషయందైనను ఫ్లోరైడే. 2012 నాటి భారతీయ ప్రమాణము ప్రకారము లీటరుకు కఠినత్వము 200 మిల్లీగ్రాముల వరకు మంచిది. వేరు నీరు దొరకనిచోట 600 వరకు అనుమతి కలదు. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము వరకు మంచిది. 1.5 దాటరాదు.

ఫ్లోరైడు హెచ్చుగా నున్నచో ముందుగా త్రాగునీటికిని వంటనీటికిని వేరు మార్గము వెదకవలెను. కావేరి నీటి కుళాయి గాని, శుభ్రముగా నిలువచేసిన వాననీరు గాని మేలు. అవి లేనిచోట ఆర్.ఓ. యంత్రము ఫ్లోరైడును తగ్గించును. కాని అది కొంత నీటిని వృథాగా విడుచును. ఇంటికి దినమునకు త్రాగుటకును వంటకును కావలసినది కొద్ది బిందెల నీరే. అందులకే మొదట ధనము వినియోగింపవలెను.

ఫ్లోరైడు మితముగా నుండి కఠినత్వము మాత్రమే హెచ్చుగా నున్నచో తొందర లేదు. గీజరు వేడిని 60 డిగ్రీల లోపల నుంచుట, పెచ్చులను నిమ్మరసముతోనో చింతపండుతోనో తుడుచుట, ఉతుకు నీటిలో సోడా కలుపుట చాలకున్నచో యంత్రము కొనవచ్చును. అప్పుడును స్నానపు గదికిని ఉతుకు చోటికిని పోవు గొట్టమునకు మాత్రమే బిగింపవలెను. వంటయింటి కుళాయిని, తోట కుళాయిని వేరుగా నుంచవలెను. ఉప్పు కడుగునీరు పైరులోనికి పోకుండ చూచుకొనవలెను.

తమిళనాడులో 2003 నుండి ఇండ్లకు వాననీటి సేకరణ తప్పనిసరి. చట్టమునకై గొట్టము బిగించి విడుచుటకంటె, ఆ నీటిని తొట్టిలో నిలువచేసి తలంటునకు, ఉతుకుటకు వాడుకొనినచో ఉప్పు అక్కరలేని మృదు జలము లభించును.

ఆ తండ్రి నా మాట విని నీటిని పరీక్ష చేయించెను. కఠినత్వము అనుమతించిన హద్దులోనే యుండెను. ఫ్లోరైడు హద్దు దాటియుండెను. ఆయన యంత్రమును కొనలేదు. ఇంటిముందు కావేరి నీరు వచ్చు కుళాయి వద్ద పట్టిన బిందెను వంటయింటిలో వేరుగా నుంచి, పాపకు ఆ నీటినే త్రాగించుచున్నారు. పరీక్ష పత్రములోని తమిళపు మాటలను తల్లికి చదివి తెలుగున చెప్పినది పండ్లపై గార గల ఆ పెద్ద కుమారుడే. మన పాఠశాలలో రెండు భాషలు నేర్చుటకు ప్రయోజనమేమని అడుగువారికి ఇదియొక సమాధానము.

అభ్యాసము

1. మీ యింటి నీటిని, వాననీటిని సబ్బు ద్రవముతో పరీక్షించి బొట్ల సంఖ్యను పట్టికగా వ్రాయుడు.
2. దినమునకు 300 లీటర్లు, కఠినత్వము లీటరుకు 500 మిల్లీగ్రాములు అయినచో నెలకు సూత్రము ప్రకారము ఎంత ఉప్పు కావలెను?
3. మెత్తబరచు యంత్రము ఫ్లోరైడును ఏల తొలగింపజాలదు?
4. ఎనిమిదేండ్ల లోపు పిల్లలున్న యింట నీటి పరీక్షను ఏల ఆలస్యము చేయరాదు? మీ తల్లిదండ్రులకు చదివి వినిపించి, వారి యభిప్రాయమును వ్రాయుడు.